మంగళయాన్ కూడా సప్లిమెంటరీ రాసింది



పోయిన ఆదివారం తెలుగు తరగతి అయ్యాక కాఫీల దగ్గర, మన సభ్యుల ఇంటి అబ్బాయి ఒకడు పీయూసీ లెక్కల్లో తప్పాడన్న మాట వచ్చింది. "అయితే సప్లిమెంటరీయేనా!" అని నవ్వింది మేమే. వాడు వెనకాలే కుర్చీలు సర్దుతున్నాడు. విన్నాడు. ఆ రోజు నుంచి వాళ్ళింట్లో మా ఫోను ఎవరూ ఎత్తడం లేదు.

ఇంటికొచ్చాక మా ఇద్దరికీ 2013 నవంబరు గుర్తొచ్చింది. మేము ఇస్రోవాళ్ళం కాదు. అయినా మంగళయాన్‌ని నడిపిన కేంద్రం మన బెంగళూరు పీణ్యలోనే ఉంది కదా అని, రోజూ పేపరు చూసి మా అమ్మాయికి నోటుబుక్కులో దాని దారి గీసి చూపేవాళ్ళం.

నేరుగా అంగారకుడి వైపు విసిరేంత బలం మన పీఎస్ఎల్‌వీకి లేదు. నవంబరు 5న శ్రీహరికోట నుంచి ఎగిరి, భూమికి దగ్గరగా 248, దూరంగా 23,550 కిలోమీటర్ల కోలకక్ష్యలో దాన్ని వదిలింది. అక్కడి నుంచి, భూమికి బాగా దగ్గరకు వచ్చినప్పుడల్లా ఇంజను మండించి, అవతలి కొసను దూరం జరుపుతూ పోయారు. దగ్గరకు వచ్చినప్పుడే ఎందుకంటే, అక్కడ వేగం ఎక్కువ. ఉయ్యాల కిందికొచ్చి జోరుమీద ఉన్నప్పుడు తోస్తే ఎంత పైకి పోతుందో మనకు తెలిసిందే. నౌక బరువు 1,337 కిలోలైతే అందులో 852 కిలోలు ఇంధనమే. వేసవిలో మనం ట్యాంకరు నీళ్ళు వాడుకున్నట్టు లెక్కగా వాడాలి.

మూడుసార్లు బాగానే జరిగింది. నవంబరు 11న, 71,636 నుంచి లక్ష కిలోమీటర్లకు వెళ్ళాల్సింది 78,276 దగ్గరే ఆగింది. ఇంజనుకు ఇంధనం వదిలే వాల్వుకు రెండు కాయిళ్ళు, ఒకటి అసలుది, ఒకటి అదనంగా పెట్టింది. రెంటికీ ఒకేసారి కరెంటు ఇచ్చేసరికి ఇంధనం రావడం ఆగిపోయింది.

మర్నాడు తెల్లవారుజామున 5 దాటాక మళ్ళీ మండించారు. అయిదు నిమిషాలు. 1,18,642 కిలోమీటర్లు! ఆ ప్రయత్నానికి ఇస్రో తన ప్రకటనలో పెట్టిన పేరు కూడా సప్లిమెంటరీయే. ఇంటి చుట్టూనే తిరుగుతోంది కాబట్టి సరిదిద్దుకునే వీలు దొరికింది. అలాగని ఎన్నాళ్ళైనా తిరగడానికి లేదు, అంగారకుడికి బయలుదేరే అదను సుమారు 26 నెలలకు ఒకసారే వస్తుంది. డిసెంబరు 1న, అర్ధరాత్రి దాటాక, 22 నిమిషాలు ఇంజను మండించి భూమిని వదిలారు. గురిపెట్టింది ఆ రోజు అంగారకుడు ఉన్నచోటికి కాదు, 2014 సెప్టెంబరు 24న ఉండబోయే చోటికి. ఆ రోజుకే చేరింది.

బాబూ, నీ పేరు ఇక్కడ రాయం. ఆ రోజు నవ్వడం మా తప్పు. ఆదివారం ఆ నోటుబుక్కు తెస్తున్నాం. నాలుగో కక్ష్య దగ్గర మేము తప్పు గీసి కొట్టేసిన గీత ఇంకా అలాగే ఉంది. పిల్లలకు బోర్డు మీద సరిగ్గా గీసి చూపడానికి లెక్కలు తెలిసినవాడు కావాలి. కాస్త ముందే, పదింటికి రా.