అరకు యాత్ర: ఒక అంచనా

మా హాస్టలు గదిలో నా ట్రంకు పెట్టె అడుగున ఒక నోటుబుక్కు ఉంది. మొదటి పది పేజీలు ఫిజికల్ కెమిస్ట్రీ. పదకొండో పేజీ నుంచి అరకు. సంచికకి ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు వెంటపడ్డప్పుడు ఆ నోటుబుక్కే బయటికి తీశాను. యాత్రానుభవాలు రాసేవాళ్ళు మన సంచికలో ఏటా ఉంటారు. నేను రాసేది యాత్ర గురించి కాదు, యాత్రకి చేసుకున్న ఏర్పాట్ల గురించి. ఎందుకంటే నా అనుభవం అంతవరకే.

2023 సెప్టెంబరు. మేము మొదటి సంవత్సరంలో చేరి ఎన్నాళ్ళో కాలేదు. ఐదుగురం కలిసి డిసెంబరు రెండో వారంలో అరకు వెళ్ళాలని తీర్మానించుకున్నాం. లెక్కలు నాకు అప్పగించారు. రైతు కొడుకుని గనక పైసా పైసా చూసి ఖర్చు పెడతానని వాళ్ళ నమ్మకం. నిజానికి రైతుకి ఖర్చు లెక్క వస్తుంది గాని రాబడి లెక్క రాదు. ఆ సంగతి వాళ్ళకి తెలీదు, నేనూ చెప్పలేదు.

రాత్రి రైల్లో వైజాగు, పొద్దున్నే కిరండూల్ పాసింజరు. బస్సులో పోవచ్చు గాని, రైలు ఎక్కకపోతే అరకు వెళ్ళినట్టు కాదని సీనియర్లు చెప్పారు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఈ లైను 1960లలో వేశారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని సముద్రం దాకా దించి జపానుకి పంపటం కోసం వేసిన దారి అది. దారంతా కలిపి 58 సొరంగాలు, 84 వంతెనలు. శిమిలిగూడ స్టేషను దగ్గరికొచ్చేసరికి రైలు సముద్ర మట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. లోయ కనిపించాలంటే వైజాగులోనే కుడివైపు కిటికీ పట్టుకోవాలిట. ఐదుగురం, ఒకే కిటికీ. ఎవరు ఎన్నో సొరంగం నుంచి ఎన్నో సొరంగం దాకా కూర్చోవాలో నోటుబుక్కులో పట్టిక కూడా వేశాను. ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది.

మా పక్క గదిలో ఒక అబ్బాయి ఉన్నాడు. అరకు దగ్గర కొండ మీది ఊరు వాడిది. బోటనీ విద్యార్థి, మాట తక్కువ. మా పట్టిక చూసి, "ఎక్కడికిరా?" అన్నాడు. "మారుమూల కొండ ప్రాంతం, ప్రకృతి అందాలు చూద్దామని" అని మావాడొకడు ఉపన్యాసం ధోరణిలో అందుకున్నాడు. వాడు కాసేపు ఊరుకుని, "మా ఊరి నుంచి చూస్తే మారుమూల మీ ఊరే. ఇక్కడికి రావటానికి మా నాన్న రెండు బస్సులూ ఒక రైలూ మారాడు" అన్నాడు.

ఆ మాటతో మా యాత్ర మారిపోయింది. హోటలు గది కొట్టేశాను. వాళ్ళింట్లో ఉండాలన్నాడు. ఫొటోలు తీసేముందు మనిషిని అడగాలన్నాడు. డబ్బులిచ్చి థింసా ఆడించుకోవద్దన్నాడు. "పండగకి రండి, అప్పుడు మిమ్మల్నే ఆడిస్తాం." చాపరాయి, కటిక జలపాతం, గిరిజన మ్యూజియం ఉంచాడు. వాటికన్నా వలిసె పూలు చూడాలన్నాడు. వలిసెలు అంటే నూనె గింజ పంట. నవంబరులో విరగబూస్తుంది, కొండవాలంతా పసుపు ఆరేసినట్టుంటుంది. డిసెంబరు రెండో వారానికి పూత చివరికొస్తుంది, అయినా కొంత దొరుకుతుందన్నాడు.

దసరా సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు నాన్న దగ్గర మాట కదిపాను. మాది గుంటూరు వైపు డెల్టా. సొంతం మూడెకరాలు, కౌలు రెండెకరాలు, అంతా వరే. మా ఊళ్ళో నిలబడి నాలుగు దిక్కులా చూస్తే తాటిచెట్టు కన్నా ఎత్తయినది ఏదీ కనపడదు. నాన్న అరవై దాటాడు, కొండ ఎక్కింది ఒక్కసారి, అదీ తిరుపతి మెట్ల మీద మొక్కు తీర్చుకోవటానికి.

"ఆ గుహల్లో ఏముందిరా?" అన్నాడు.

బొర్రా గుహల గురించి నాకు వచ్చిన కెమిస్ట్రీ అంతా చెప్పాను. వాన నీరు గాలిలోంచీ మట్టిలోంచీ కార్బన్ డయాక్సైడు కలుపుకుని సన్నటి ఆమ్లం అవుతుంది. అది సున్నపురాయి పగుళ్ళలో దిగుతూ రాయిని కరిగించుకుంటుంది. గుహ కప్పు నుంచి బొట్టుగా వేలాడినప్పుడు ఆ వాయువు ఎగిరిపోయి, కరిగిన సున్నం మళ్ళీ రాయిగా మిగిలిపోతుంది. పైనుంచి ఊడల్లా దిగేది, కింద నుంచి పుట్టలా లేచేది, అంతా ఆ బొట్ల పనే. ఇలాంటి రాళ్ళు ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు పెరిగితే గొప్ప. ఆ లెక్కన మీటరు రాయికి పదివేల ఏళ్ళు.

నాన్న అంతా విని, "మన బోరు నీళ్ళు కాచే గిన్నెకి తెల్లగా పట్టేదేగా?" అన్నాడు. అదే. మా ల్యాబులో రెండు పీరియడ్లు పట్టిన పాఠం.

"మరి నీళ్ళెటు పోతాయి?" అని మళ్ళీ అడిగాడు. గోస్తని నది ఆ గుహల్లోంచే వచ్చి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుందని చెప్పాను. తర్వాత అసలు ప్రశ్న వేశాడు. రైతు ఏ ఊరి గురించైనా చివరికి అడిగేది ఇదే.

"అక్కడ ఎకరం ఎంతుంటుంది?"

మనం కొనటానికి వీల్లేదన్నాను. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకూడదని 1959లో నిబంధన తెచ్చారు, 1970లో దాన్ని గట్టి చేశారు. జనం 1/70 అంటారు. బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద నడిచిన సమత కేసులో, ఆ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకి గనుల కోసం లీజుకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇదంతా పక్క గది మిత్రుడి దగ్గర నేర్చుకున్నదే. నాన్న చుట్ట ఆర్పి కాసేపు ఏమీ అనలేదు. "మంచి చట్టమేరా. మనకీ అట్టాంటిది ఉంటే మీ తాత చెరువు కింద చేను పోయేది కాదు" అని లేచి గేదెల దగ్గరికి వెళ్ళిపోయాడు. మాకు అలాంటి చేను ఒకటి ఉండేదని నాకు అప్పుడే తెలిసింది.

తలకి 2,600 రూపాయలు తేలింది. అమ్మ పాల డబ్బులోంచి ఇచ్చింది. టిక్కెట్లు డిసెంబరు 9 రాత్రికి తీశాం.

డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. చదివేవాళ్ళలో మా వైపు వాళ్ళుంటే ఆ తేదీ వేరే గుర్తు చెయ్యక్కర్లేదు. ఆ రాత్రి ఫోను కలవలేదు. మర్నాడు దొరికిన బస్సు పట్టుకుని, ఆఖరి మూడు కిలోమీటర్లు నడిచి ఇల్లు చేరాను. ఎకరంన్నర కోసి పనల మీద ఉంది, పనలు నీళ్ళలో తేలుతున్నాయి. మిగతా చేను చాప పరిచినట్టు పడిపోయింది. వేసింది బీపీటీ రకం, అన్నానికి బాగుంటుంది గాని గాలికి ఆగదు. కోతకి ముందు చేలో చల్లిన మినుములు మడిలోనే కుళ్ళాయి. నాన్న గట్టు మీద గొంతుక్కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "నీ రైలు ఎల్లుండి కాదూ?" అన్నాడు. తేదీ తప్పు చెప్పాడు గాని, ఆ పరిస్థితిలో నా రైలు గుర్తుందే అనుకున్నాను. నాకు నోట మాట రాలేదు.

గట్లు కొట్టి నీళ్ళు వదిలాం. మూడో రోజుకి వెన్నుల మీదే గింజ మొలక కనపడింది. లీటరుకి 50 గ్రాముల ఉప్పు కలిపి పిచికారీ చేస్తే మొలక ఆగుతుందని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఎకరానికి 200 లీటర్లు, అంటే పది కిలోల ఉప్పు. నాన్న ఒప్పుకోలేదు. "ఉప్పు కొడితే చేను చస్తుంది." ఆస్మాసిస్ గురించి మొదలెట్టాను, వినలేదు. చివరికి అమ్మ వాకిట్లోంచి, "ఆవకాయలో టెంక ఎప్పుడన్నా మొలిచిందా?" అంది. దానికి ఆయన దగ్గర జవాబు లేదు. నా మూడు నెలల కెమిస్ట్రీ కన్నా అది నయం.

9వ తేదీ రాత్రి, రైలు వేళకి, నేను స్ప్రేయరు కడుగుతున్నాను. ఆగిపోతామన్న మిత్రులని నేనే వెళ్ళమన్నాను. నా 2,600 ఉప్పుకీ, టార్పాలిన్ల అద్దెకీ, కూలికీ సరిపోయింది, ఇంకా చాలలేదు. గింజ కొంత దక్కింది. రంగు మారిందని ధర తగ్గించి కొన్నారు. వెళ్ళినవాళ్ళ మీద నాకు అసూయ కలగలేదని రాస్తే అబద్ధం. రాత్రి పడుకుంటే ఇప్పుడు ఎన్నో సొరంగమో అని లెక్క వేసుకునేవాణ్ణి.

వాళ్ళు తిరిగొచ్చి సొరంగాలన్నీ ఒకేలా ఉన్నాయని చెప్పారు. నన్ను ఓదార్చటానికే అనుకుంటాను. పక్క గది మిత్రుడి అమ్మగారు మా ఇంటికని పసుపు కొమ్ములు పంపారు. నాన్న ఒకటి విరిచి వాసన చూసి, "దుగ్గిరాల సరుక్కి తీసిపోదు" అన్నాడు. మా వైపు అంతకు మించిన మెప్పు లేదు. ఆ అబ్బాయిని సంక్రాంతికి పిలవమన్నాడు. వాడొచ్చాడు. మా పొలం గట్టు మీద నిలబడి చుట్టూ చూసి, "ఒక్క కొండైనా లేదు, దారి తప్పితే ఎలా తెలుస్తుందిరా?" అన్నాడు. నాన్న వాడికి పంట కాలవలు చూపించాడు, ఏది ఎటు పారుతుందో. వాడు నాన్నకి వాళ్ళ కాఫీ తోట సంగతి చెప్పాడు: సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ, నాటాక మూడు నాలుగేళ్ళకి గాని కాపు రాదని. "నాలుగేళ్ళు అప్పెవరిస్తారు?" అన్నాడు నాన్న. ఇద్దరూ రాత్రి పది దాకా అదే మాట్లాడుకున్నారు. నేను మధ్యలో నిద్రపోయాను.

మరుసటి ఏడు అప్పు తీరలేదు, అరకు మాట ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు మూడో సంవత్సరం. పరీక్షలయితే తలా ఒక దిక్కు. మొన్న ఇంటికి వెళ్ళినప్పుడు నోటుబుక్కు తీసుకెళ్ళి ధరలన్నీ మళ్ళీ వేశాను. నాన్న పక్కన కూర్చుని చూశాడు. నేను ఐదు అని రాసిన చోట తన వేలు పెట్టి, "ఆరు చెయ్యి" అన్నాడు.

రెండు షరతులు పెట్టాడు. కోత, నూర్పిడి అయ్యాకే బయలుదేరాలి. కుడివైపు కిటికీ తనదే, పట్టికలు లేవు. సంక్రాంతి దాటితే వలిసె పూలు ఉండవు నాన్నా, గింజలే ఉంటాయి అన్నాను.

గింజే చూడాలట ఆయనకి.