దసరాకు సూర్యుడి తుఫాన్లు

ఆదోని యార్డుకు కొత్త పత్తి దిగుతోంది. కర్నూలులో ఉల్లి రైతుకు ఎప్పటిలాగే ధర దిగులు. ప్రొద్దుటూరు అమ్మవారిశాలలో అలంకారాల హడావుడి, దేవరగట్టు చుట్టుపక్కల ఊళ్లలో కర్రలకు నూనె పట్టే పని. ఇవన్నీ మీకు తెలిసిన కబుర్లే. అంతగా తెలియనిది ఒకటుంది: ఉగాది, దసరా రోజులు సూర్యుడి తుఫాన్లకు కూడా సీజనే.

ఎండ సంగతి కాదు నేను చెప్పేది. సూర్యుడి మచ్చలు పెరిగినా తగ్గినా మనకొచ్చే వెలుగులో తేడా వెయ్యో వంతు. రోహిణి కార్తె మంటలకు ఆ మచ్చలను తిట్టి లాభం లేదు. వెలుగుతో పాటు సూర్యుడు విద్యుత్ కణాల గాలిని కూడా వదులుతుంటాడు, మామూలు రోజుల్లోనే సెకనుకు 400 కిలోమీటర్ల వేగంతో. అది మోసుకొచ్చే అయస్కాంత క్షేత్రం భూమి క్షేత్రానికి ఎదురు దిక్కులో ఉంటే, ఆ గాలి శక్తి లోపలికి చొరబడి తుఫాను రేపుతుంది. భూమి ఒరిగి తిరుగుతుంది కదా, ఆ వాలు వల్ల పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి, సెప్టెంబరు చుట్టుపక్కల ఈ చొరబాటు సులువు.

2015 మార్చి 17న పెద్ద తుఫాను వచ్చింది. నాలుగు రోజులకు ఉగాది. 2024 అక్టోబరు 10 రాత్రి ఇంకొకటి. రెండు రోజులకు దసరా, దేవరగట్టులో కర్రల ఉత్సవం బన్ని. ఆ రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. కర్నూలులో ఎవరికీ ఏమీ కనబడలేదు. అలాగని సూర్యుడు పంచాంగం చూసుకుంటాడని కాదు. 2003 తర్వాత అంతటి తుఫాను 2024 మే 10, 11 తేదీల్లో వచ్చింది. మనం ఎన్నికల ప్రచారం హోరులో ఉన్నాం, ఎవరు పట్టించుకున్నారు?

తుఫాను లేని రోజున కూడా భూమి అయస్కాంతం కదలకుండా ఉండదు. పొద్దెక్కేకొద్దీ నూరు కిలోమీటర్ల పైఎత్తున గాలి విద్యుత్తును మోసే స్థితికి వస్తుంది, అక్కడ ప్రవాహాలు పుడతాయి. మన వైపు క్షేత్రం బలం 40 వేల నానోటెస్లాల పైచిలుకు. మధ్యాహ్నానికి అందులో కొన్ని పదులు పెరిగి, సాయంత్రానికి మళ్లీ తగ్గుతాయి. తిరునెల్వేలి వైపు, అయస్కాంత భూమధ్యరేఖ దగ్గర, ఈ పెరుగుదల ఇంకా ఎక్కువ. హైదరాబాదులోని భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్జీఆర్ఐ 1964 నుంచి ఈ లెక్క రాస్తోంది.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య–ఎల్1 నౌక సూర్యుడి వైపు మనకు 15 లక్షల కిలోమీటర్ల ఎగువన కాపలా కాస్తోంది. మామూలు వేగంతో వచ్చే గాలి అక్కడికి తగిలిన గంటకు మనల్ని చేరుతుంది.

వాట్సాప్‌లో 'సౌర తుఫాను, ఫోన్లు ఆపేయండి' అని వచ్చే మెసేజీలను నేను చదవకుండానే తీసేస్తాను. 1989 మార్చిలో కెనడాలోని క్యుబెక్‌లో గంటల తరబడి కరెంటు పోయిన మాట నిజమే. అది ధ్రువానికి దగ్గరి చోటు. మన శకునాల, గని సోలార్ పార్కు పలకలకు ఆ తుఫాన్ల కన్నా దుమ్ముతోనే బాధ ఎక్కువ.

ఇబ్బంది వస్తే జీపీఎస్‌తో రావచ్చు. 2024 మేలో అమెరికాలో జీపీఎస్ ట్రాక్టర్లు విత్తనం మధ్యలోనే ఆగిపోయాయి. మన భూముల రీసర్వేలో కొలతలు తీసే రోవర్లదీ అదే సిగ్నలు. గట్టు మీద రోవరుకు ఫిక్స్ రాలేదంటే ముందు పైన వేపచెట్టు ఉందేమో చూడండి, తర్వాత బ్యాటరీ చూడండి. సూర్యుడి వంతు ఆ తర్వాతే.