ఇప్పుడు మా వంతు

2019 డిసెంబరులో మేము కారులో జోధ్‌పూర్ నుండి ఉదయపూర్ వెళ్తూ, దారిలో ఒక పల్లెలో పాత స్నేహితుల ఇంట రెండు రోజులు ఆగాము. ఆ దంపతులకు గుర్రాలంటే ప్రాణం. మార్వాడీ గుర్రాల చెవుల కొనలు లోపలికి వంగి ఒకదానినొకటి తాకుతుంటాయి. పిల్లలు వాటిని చూసి మురిసిపోయారు.

వాటిలో 26 ఏళ్ల ఆడ గుర్రం ఒకటి. పళ్లు అరిగి గడ్డి నమలలేదు. ఆ యింటి ఇల్లాలు పూటపూటా గోధుమ తవుడు నానబెట్టి, దగ్గర నిలబడి తినిపిస్తున్నది.

"సవారీకి పనికిరాదు గదా, ఎందుకింత శ్రమ?" అన్నాము.

"మా పిల్లలను మోసింది. ఇప్పుడు మా వంతు" అన్నది.

మాకు మాట రాలేదు. అమ్మ ఎవరి దగ్గర ఉండాలన్న అన్నదమ్ముల తగవు తేలకుండానే మేము ప్రయాణం కట్టాము. అమ్మకూ పళ్లు లేవు.

ఆ సాయంత్రమే ఫోను చేశాము: "అమ్మా, బట్టలు సర్దుకో. వస్తూనే నిన్ను మన ఇంటికి తీసుకెళ్తాము."