నీలగిరికి మూడు దినాలు

ప్రయాణం చేసి వచ్చి దాని ముచ్చట్లు వ్రాసేవారు చాలామంది ఉన్నారు. మేము ఇంకా బయలుదేరనే లేదు. అయినా వ్రాస్తున్నాము. ఈ రెండు నెలలుగా మా యింట్లో జరిగిన వాదోపవాదాలు చూస్తే, ప్రయాణం కన్న దాని ప్రయత్నమే పెద్దదేమో అనిపించినది. మేమంటే మేమిద్దరము, భార్యాభర్తలము. ఒకరు చెబుతుంటే ఒకరు వ్రాస్తున్నాము గనుక, ఏ మాట ఎవరిదో పాఠకులు అడుగవద్దని మనవి.

మాది సూళగిరి. హోసూరు నుండి కృష్ణగిరికి పెద్ద రోడ్డు మీద పోయేవారందరూ మా ఊరిని చూచే ఉంటారు. శూలం వలె మొనలు తేలిన కొండ, దాని క్రింద కూరగాయల సంత, కొత్తిమీర మూటలు ఎత్తుకొనే లారీలు. పొద్దున లేస్తే కొండ, సాయంత్రం పండుకొంటే కొండ. కొండ నీడన పుట్టి పెరిగినవారికి కొండలు చూడబోయే సరదా ఏమిటని మీరనవచ్చు. మేమూ అలాగే అనుకొనేవాళ్లము.

ఈ సరదా పెట్టినది మా అమ్మాయి. స్విట్జర్లాండులో వింటర్‌తూర్ అనే ఊళ్లో ఉద్యోగం. "ఆకు రాలే కాలంలో రండి, ఆల్ప్సు కొండలు, చెరువులు చూపిస్తాను, పది దినాలు చాలు" అని కిందటి ఏడు నుండి పోరు పెడుతున్నది. పచ్చగా పండిన చెట్లు, వాటి నీడ పడిన నీలపు నీళ్లు, వెనుక మంచు కొండలు, రోజుకొక బొమ్మ ఫోనులో పంపేది. ఆశ పుట్టని వారెవరు? కాని ఇంట్లో నాయన ఉన్నాడు. ఎనభై అయిదవ ఏడు నడుస్తున్నది. అమ్మ పోయి ఆరేండ్లయినది. (మాలో ఒకరికి ఆయన నాయన, ఒకరికి మామ. ఇద్దరమూ నాయన అనే పిలుస్తాము.) ఆయనను విమానం ఎక్కించలేము, వదలి పోలేము. అందుకని, ఆల్ప్సు కాకపోతే మన ఆల్ప్సు అని, నీలగిరికి మూడు దినాలు పోయి వద్దామనుకొన్నాము. మేమిద్దరము, అబ్బాయి, కోడలు, మనుమడు. నాయనను ఆ మూడు దినాలూ రాయకోటలో మా చెల్లెలింట ఉంచుదామని మాలో మేము నిర్ణయించుకొన్నాము.

ఆయనతో చెప్పలేదు. ఇక్కడే మా తప్పు మొదలయినది.

ముందు ముహూర్తం సంగతి. మన పంచాంగం ప్రకారం ఆశ్వయుజ కార్తికాలు శరదృతువు. తేట నీళ్లు, తెల్లని మబ్బులు, పిండి ఆరబోసినట్టు వెన్నెల, చిన్నప్పుడు వాచకాలలో చదువుకొన్నదంతా అదే. అయితే మేము కాపురముండేది తమిళనాడులో. పక్కింటి తమిళులు ఆ నెలను ఐప్పసి అంటారు, ఐప్పసి అంటే ముసురు వాన నెల అంటారు. ఈశాన్యపు రుతుపవనం సాధారణంగా అక్టోబరు మూడవ వారంలో వచ్చి పడుతుంది. నీలగిరి తూర్పు వాలుకు, అంటే కూనూరు, మేట్టుపాళయం వైపుకు, ఆ వానలే గండం. 2009 నవంబరులో కొండచరియలు జారి ఆ జిల్లాలో నలభై మందికి పైగా పోయినారు. పడమటి వైపుది మరొక కథ, అక్కడ నైరుతి వాన. 2019 ఆగస్టులో అవలాంచిలో ఒక్క దినంలో ఎనభై సెంటీమీటర్లకు మించి కురిసినది. మా మండలానికి ఒక యేడంతా కురిసేది దాదాపు అంత. అసలు అవలాంచి అనే పేరే, రెండు వందల ఏండ్ల కిందట అక్కడ కొండ విరిగి పడినందుకు ఇంగ్లీషువారు పెట్టిన పేరు. కనుక నైరుతి తగ్గి ఈశాన్యం అందుకొనే లోపల ఉన్న సందులో, అంటే సెప్టెంబరు చివర నుండి అక్టోబరు నడిమి వరకు, పోయి రావలె. పంచాంగంలో శరత్తు రెండు నెలలుంటే నీలగిరిలో మాకు దొరికేది రెండు మూడు వారాలే!

దారి మీద కూడ తర్కం నడిచినది. హోసూరు, బెంగుళూరు, మైసూరు మీదుగా బండీపురం అడవి దాటి పోవటం ఒకటి. సేలం మీదుగా పోవటం ఒకటి. రెండూ ఇంచుమించు మూడు వందల కిలోమీటర్లకు పైమాటే. మైసూరు దారి చూడ ముచ్చటైనది గాని, దసరా దినాలలో మైసూరు దాటటం తిరునాళ్లలో ఎద్దుల బండి తోలినట్టే. పైగా బండీపురం అడవి దారిని రాత్రి తొమ్మిది నుండి ఉదయం ఆరు వరకు మూసివేస్తారు. ఏనుగులకు, జింకలకు ఆ గంటలైనా వదలాలి గదా. ఆలస్యమైతే గుండ్లుపేటలో పడిగాపులు. అందువల్ల కృష్ణగిరి, ధర్మపురి, తొప్పూరు కనుమ, సేలం, అవినాశి, మేట్టుపాళయం అని ఖాయం చేసినాము.

మేట్టుపాళయం అనగానే మనుమడు గెంతులు వేసినాడు. అక్కడి నుండేగదా కొండ రైలు. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన దారి. 46 కిలోమీటర్లు, 16 సొరంగాలు, 208 మలుపులు. 2005లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వంగా గుర్తించినారు. కల్లారు నుండి కూనూరు వరకు ఎక్కుడు ఎంతటిదంటే, పన్నెండున్నర అడుగులు ముందుకు పోయేసరికి ఒక అడుగు పైకి లేస్తుంది. మామూలు చక్రాలు జారిపోతాయి. అందుకని పట్టాల నడుమ పండ్ల కమ్మీ పరచి, ఇంజనుకు పండ్ల చక్రం తగిలించి, కమ్మీని కరచి పట్టుకొంటూ ఎక్కిస్తారు. ఇంజను ముందుండి లాగదు, వెనుక నుండి నెడుతుంది. ఈ పండ్ల ఏర్పాటు రోమన్ ఆబ్త్ అనే స్విస్ ఇంజనీరుది. ఆ పాత ఆవిరి ఇంజన్లు చేసిన కర్మాగారం ఎక్కడనుకొన్నారు? వింటర్‌తూర్‌లో! ఇటీవలి కొత్తవి తిరుచ్చి పొన్మలైలో చేసినారు గాని, ఆ పాతవి అక్కడివే. ఈ సంగతి తెలిసి మా అమ్మాయి నవ్విన నవ్వు ఫోనులో అయిదు నిమిషాలు వినబడినది. "నేను ఇక్కడికి వచ్చింది ఆలస్యమమ్మా, మా ఊరివాళ్లు నూరేండ్ల ముందే మీ దగ్గరికి వచ్చేసినారు" అన్నది.

ఇక టిక్కెట్లు. అరవై దినాల ముందు పొద్దున అమ్మకం తెరుస్తారు. అబ్బాయి ఫోను, కోడలు ఫోను, ఎదురింటి పిల్లవాని కంప్యూటరు, మూడూ పెట్టుకొని కాచుకొన్నాము. కాఫీ చల్లారకముందే మేట్టుపాళయం టిక్కెట్లు అయిపోయినవి. కూనూరు నుండి ఊటీకి మాత్రం దొరికినవి. అది డీజిల్ బండి. మనుమడు మొగం ముడుచుకొన్నాడు. కూనూరు స్టేషనులో ఆవిరి ఇంజనును చూపిస్తామని ఒప్పించినాము.

ఆ టిక్కెట్ల సందడిలోనే నాయన చెవిని పడినది.

"ఏమిరా, యా కొండలకు?" అన్నాడు అరుగు మీద నుండి.

నీలగిరికి అన్నాము. కాసేపు మాట్లాడలేదు. "నీలగిర్లో యాడికి?" అన్నాడు. ఊటీ, దొడ్డబెట్ట, తోట, పడవలు అని మనుమడు ఏకరువు పెట్టినాడు. "కుందాకు పోరా?" అన్నాడు. అంతే. "నన్ను తీసుకపోండి" అనలేదు. రాయకోట మాట కూడ ఆయన విన్నాడని మాకు తెలుసు. ఆ పూట ముద్ద సగం తిని, కర్ర పట్టుకొని, తోటలో పాత బావి గట్టు మీదికి పోయి కూర్చున్నాడు. పిలిచినా పొద్దు గూకేదాకా రాలేదు.

ఈ బావి సంగతి చెప్పాలి. 1960లో, పందొమ్మిదేండ్ల వయసులో, నాయన కుందా ప్రాజెక్టు పనికి పోయినాడు. కొలంబో పథకం క్రింద కెనడా దేశం సాయంతో 1956లో మొదలయిన విద్యుత్తు పథకమది. అవలాంచిలో, ఎమరాల్డులో ఆనకట్టలు, అక్కడి నుండి కొండ లోపలగా నీళ్లు పోయే సొరంగాలు, దిగువ విద్యుత్తు కేంద్రాలు. కొండల్లో ఆ చలికి అలవాటు లేని మెట్ట ఊళ్ల కుర్రవాళ్లు గోనెసంచి కప్పుకొని రాళ్లు మోసినారట. ఉదయం గడ్డి మీద తెల్లగా పరచుకొన్న మంచును ఉప్పనుకొని ఒకడు నాలుకకు రాచుకొన్నాడట. ఈ కథ మేము నూరుసార్లు విన్నాము, నూరుసార్లూ నవ్వినాము. ఏడాదిన్నర కూలి దాచుకొని వచ్చి నాయన త్రవ్వించినది ఈ బావి. ఎనిమిది మట్ల లోతు. దాని మీదనే రాగి, చేను, మా చదువులు, పెండ్లిళ్లు. ఇప్పుడు అందులో నీళ్లు లేవు. చుట్టూ వెయ్యి అడుగుల బోర్లు పడినాక అది ఎండి చాలా ఏండ్లయినది.

నూరుసార్లు విన్న కథలో మేము ఒకటి గమనించలేదు. ఆయన పని మాని వచ్చేనాటికి చెరువు నిండలేదు. రాళ్లూ మట్టీ చూసినాడు, నీళ్లు చూడలేదు.

ఆ రాత్రి మాలో ఒకరు నిద్రపోలేదు. ఒకరు నిద్రపోయినట్టు నటించినారు. తెల్లవారి మళ్లీ మొదటి నుండి లెక్క వేసినాము.

అంటే అందరమూ వెంటనే ఒప్పుకొన్నామని కాదు. మాలో ఒకరు గట్టిగా వద్దన్నారు. చలికి దగ్గు, రక్తపోటు, మోకాళ్లు. ఊటీ ఎత్తు 2,240 మీటర్లు, అక్టోబరు రాత్రులు పది డిగ్రీల దగ్గరికి దిగుతాయి. అక్కడ రాత్రిపూట ఊపిరి ఆడకపోతే ఎవరిని లేపేది? చూడవలసిన నీళ్లు చూచి మనిషిని పోగొట్టుకొంటే ఊరు మనల నేమంటుంది? ఈ భయం తప్పని మేము ఇప్పటికీ అనుకోము. హోసూరులో ఎప్పుడూ చూపించే డాక్టరుగారి దగ్గరకు పోయినాము. ఆయన గుండె పరీక్షలు చేయించి, ఒకేసారి ఊటీకి ఎక్కవద్దు, మొదటి రాత్రి కూనూరులో దిగండి, మెట్లు, ఎక్కుళ్లు పెట్టవద్దు, ఊపిరి బరువైతే ఏ వేళనైనా సరే క్రిందికి దింపండి అన్నాడు. "పొమ్మంటారా, వద్దంటారా?" అని మేము పట్టుపట్టినాము. "ఆయన్ను అడిగినారా?" అన్నాడు. అడగలేదని ఒప్పుకోవలసి వచ్చినది.

ఇంటికి వచ్చి అడిగినాము. నాయన చాలాసేపు ఆలోచించి, "నాకు దమ్ము ఆడకపోతే వెనక్కు తిప్పేయండి. నేను ఏమీ అనుకోను. అయితే మీరు అట్ల జాలి పడి తీసుకపోతా ఉంటే మాత్రం రాను" అన్నాడు. జాలి కాదన్నాము. అది పూర్తిగా నిజమో కాదో మాకే తెలియదు.

కనుక ఇప్పటి ఏర్పాటు ఇది. మొదటి దినం తెల్లవారుజామున బయలుదేరటం. తొప్పూరు కనుమ లారీల రద్దీ పెరగకముందే దాటవలె. సేలంలో ఇడ్లీ. మధ్యాహ్నానికి మేట్టుపాళయం, మెల్లగా కొండ ఎక్కి సాయంత్రానికి కూనూరు. రెండవ దినం రైలులో ఊటీకి అందరమూ, బండి రోడ్డు మీద వస్తుంది. ఊటీ చెరువు స్టేషనుకు పక్కనే. 1820లలో కోయంబత్తూరు కలెక్టరు సల్లివాన్ కట్టించినది. దానిని కిటికీలో నుండే చూడటం. దొడ్డబెట్టకు పోము, పడవ ఎక్కము. పడవ కోసం కోడలు ఎంత ఆశ పెట్టుకొన్నదో మాకు తెలుసు, ఆమె నోరెత్తలేదు. నేరుగా ఎమరాల్డు చెరువుకు, పాతిక కిలోమీటర్లు. రోడ్డు మీద నుండే నీళ్లు కనబడుతాయి, నాయన బండి దిగనక్కర లేదు. అవలాంచి లోపలికి అటవీశాఖ బండ్లలోనే పోవలె, కుదుపు ఎక్కువ గనుక అది మానినాము. మూడవ దినం తిరుగు ప్రయాణం.

బయటి బండ్లు నీలగిరికి ఎక్కాలంటే ఇ-పాస్ కావలె. 2024 మే 7 నుండి మద్రాసు హైకోర్టు ఆజ్ఞ మీద వచ్చిన ఏర్పాటు. అబ్బాయి తీసుకొన్నాడు, రుసుము లేదు. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు ఆ జిల్లాలో నిషేధం గనుక ఇంట్లో ఉన్న స్టీలు చెంబులన్నీ తోమి పెట్టినాము. రాగి పిండి రెండు సేర్లు కట్టినాము. బసలో పొయ్యి ఇస్తారో లేదో తెలియదు గాని, నాయనకు ముద్ద లేకపోతే ప్రయాణం సాగదు.

బాడుగ బండి వానికి బయానా ఇచ్చినాము. నిన్న పెట్టె మీది నుండి రగ్గులు దించి ఎండ వేద్దామనుకొన్నాము, ఉదయం నుండి తుంపర. నాయన మాత్రం ఆకాశం చూచి, "ఇది తేలిక వాన, రెండు దినాల్లో విడుస్తుంది" అని, తన పాత గొంగడిని తీసి అరుగు మీద తానే దులుపుకొంటున్నాడు.