విప్పితేగానీ తెలీదు

సంక్రాంతి ముందు బండి ఆగిపోయిందంటే ఊరూరా తిరిగే చీరల వ్యాపారికి పండగ ఆగిపోయినట్టే. రాజాం చుట్టుపక్కల వంగర, రేగిడి, సంతకవిటి ఊళ్లలో మూట దించే ఓ పెద్దాయనకి అదే జరిగింది. ధాన్యం అమ్మిన ఇళ్లలో పాత బాకీలు వసూలు చేసుకోవాలి, కొత్త చీరలు అప్పివ్వాలి. సరిగ్గా అప్పుడే, 2009లో కొన్న హీరోహోండా స్ప్లెండర్ సంతకవిటి రోడ్డులో గర్రుమని ఆగిపోయింది. కిక్కు కొడదామంటే రాడ్డు కిందికి దిగలేదు. ఇంజిన్ పట్టేసింది.

సలహాలకేం కొదవ? ‘తుక్కుకిచ్చేసి కొత్తది తీసుకో, నెలనెలా కట్టుకోవచ్చు’ అన్నాడు బావమరిది. కట్టేది ఆయన కాదు కదా! ఎవరిదో పాత ఇంజిన్ ఉంది, సాయంత్రానికల్లా బిగించేయొచ్చన్నారు ఇంకొకరు. అన్నిటికన్నా ఇదే తేలిగ్గా కనిపించింది.

మెకానిక్ ఒప్పుకోలేదు. ‘‘దాని నంబరు వేరు గురూగారూ. రేపొద్దున పోలీసోలాపితే ఏటి సెప్తారు?’’ అన్నాడు. నిజమే. ఇంజిన్ నంబరు ఆర్‌సీలో ఉంటుంది. ఇంజిన్ మారిస్తే రవాణా శాఖ అనుమతితో ఆ మార్పు ఆర్‌సీలో రాయించాలి. వచ్చినది దొంగబండి ఇంజినైతే ఇక చెప్పేదేముంది! పైగా 15 ఏళ్లు నిండాయని 2024లోనే మరో 5 ఏళ్లకి రిజిస్ట్రేషన్ పొడిగించుకున్నారు. (నంబరు ప్లేటు మీద ఇంకా శ్రీకాకుళం వారి ‘ఏపీ 30’ ఉంది. 2022లో రాజాం విజయనగరం జిల్లాలో కలిసిందన్న సంగతి పాపం బండికేం తెలుసు?)

‘‘విప్పితేగానీ ఏటీ సెప్పలేను’’ అని ఇంజిన్ విప్పాడు. లీటరు దాకా ఉండాల్సిన ఆయిల్ గ్లాసుడైనా లేదు. పొగ నీలంగా వస్తోందని ఇంట్లో ఆవిడ రెండు నెలలుగా మొత్తుకుంటూనే ఉంది. పిస్టన్ నిండా గీతలు, సిలిండర్ గోడకీ గీతలే. మెకానిక్ కనెక్టింగ్ రాడ్‌ని పట్టుకుని పైకీ కిందికీ లాగాడు. లూజు లేదు. క్రాంకు తిప్పితే బేరింగుల్లో చప్పుడూ లేదు. అసలు లెక్క తేలింది అక్కడే. క్రాంకు కూడా పోయుంటే ఖర్చు ఎక్కడికో వెళ్లేది, బావమరిది మాటే నెగ్గేదేమో! పోయింది పైనున్న సిలిండరే. నంబరు కొట్టి ఉండేది కింది క్రాంక్‌కేసు మీద. కాబట్టి కాగితాల జోలికి పోనక్కర్లేదు.

సిలిండర్ విజయనగరంలో లేత్ పనిచేసే షాపుకి వెళ్లింది. గీతలు లోతుగా ఉండటంతో పావు మిల్లీమీటరు చాల్లేదు. 50 మిల్లీమీటర్ల బోరును అర మిల్లీమీటరు పెంచి, అంతకు సరిపడే పిస్టన్, కొత్త రింగులు వేశారు. మళ్లీ అవసరమైతే పెంచుకోవడానికి ఇంకో రెండు సైజులున్నాయి.

నాలుగో రోజుకి బండి స్టార్టయింది. 500 కిలోమీటర్లు తిరిగేదాకా నలభై దాటొద్దనీ, బరువు తగ్గించమనీ, తర్వాత ఆయిల్ మార్చాలనీ మెకానిక్ షరతులు పెట్టాడు. పండగ ముందు మూట బరువు తగ్గేదెలా? సగం చీరలు ఇంట్లో ఉంచి, పొద్దున ఓసారి, మధ్యాహ్నం మరోసారి వెళ్తున్నాడాయన. బయల్దేరే ముందు ఆయిల్ పుల్ల తీసి ఆవిడకి చూపించాకే కిక్కు.