ఫస్ట్ గేరుకు రింగు లేదు

మొన్న సెమిస్టర్ సెలవుల్లో మేం ముగ్గురం ఉట్నూర్‌లో ఒక మెకానిక్ షెడ్డుల పని చేసినం. పరీక్ష ఫీజు కోసం పోయినం, అంతే. అక్కడికి పాత అంబాసిడర్ ఒకటొచ్చింది, స్టీరింగ్ పక్కన గేర్ రాడ్ ఉండే రకం. కెరమెరి ఘాట్ దిగేటప్పుడు సెకండ్ వేస్తే గర్రుమంటది, పడ్డాక కూడా జారి న్యూట్రల్‌కి వస్తది. ఆ మలుపుల్లో గేరు వదిలేస్తే భారమంతా బ్రేకుల మీదే. బండాయన ఇగ పాత ఇనుముకి అమ్ముదామనుకున్నడు.

సింక్రోమెష్ బొమ్మ పరీక్షలో గీసి మార్కులు తెచ్చుకున్నోళ్ళమే మేము. చేత్తో పట్టింది మాత్రం ఇప్పుడే. ఐదో తరగతి చదివిన మా మెకానిక్ కాక ఒక్క మాటలో చెప్పిండు: "కదిలే బస్సు ఎక్కాలంటే దాంతోని నాలుగడుగులు ఉరుకుతరు గదా, ఆ ఉరుకుడే ఈ ఇత్తడి రింగు పని." రింగు గేరు కోన్ మీద రాసుకొని రెండింటి వేగం ఒకటి చేస్తది, అప్పుడే స్లీవ్ పళ్ళు దూరుతయ్. 1928లో కాడిలాక్ కార్లతో మొదలైన ఉపాయం ఇది. అంబాసిడర్‌లో రెండు, మూడు, నాలుగుకే ఉంది. ఫస్ట్‌కి లేదు. బండి ఆగాలె, లేదంటే క్లచ్ రెండుసార్లు తొక్కి వేగం మనమే కలపాలె. (ఇండ్లల్ల కాలేజీకి మొదట పోయినోళ్ళం కదా, ఇది మాకు జల్దీ అర్థమైంది.)

బాక్సు దించుడే సగం రోజు. హబ్ మీంచి స్లీవ్ జరిపితే లోపలి గోలీలు, స్ప్రింగులు ఎగిరిపోతయ్ అని గుడ్డ చుట్టి తీసినం. రింగు లోపల సన్నని గీతలుంటయ్, ఆయిల్ పొరను కోసి కోన్‌ని పట్టుకోనీకి. సెకండ్ రింగుకి అవి అరిగి నున్నగైనయ్. కోన్ మీద నొక్కి చూస్తే రింగుకి, గేరు పళ్ళకి మధ్య సందే లేదు. థర్డ్ రింగుకి సందు మంచిగ కనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పుస్తకంతో పనిలేదు. జారుడుకి కారణం వేరే: సెలెక్టర్ రాడ్‌ని ఆపి పట్టే స్ప్రింగు బలం పోయింది.

2014లో తయారీ ఆగిన బండి, కొత్త రింగు ఎక్కడ దొరుకుతది? హైదరాబాద్ నుంచి విప్పిన బాక్సులది తెప్పిచ్చినం.

ఘాట్ దిగుడులో సెకండ్ వేసి కాక రాడ్ మీంచి చెయ్యి తీసేసిండు. గేరు అట్లనే ఉంది. అమ్మే మాట బండాయన మళ్ళీ ఎత్తలే. అరిగిన రింగు మా హాస్టల్ రూంల ఉంది. మెకానికల్ తమ్ముళ్ళు, చెల్లెళ్ళు వైవాకి ముందు అడగండి, తెచ్చి చేతికిస్తం.