పాత మెమరీ కార్డులు పారేయకుండ్రి

జర పెద్ద పోస్టే. డ్యూటీ అయి, స్నానం చేసి, బువ్వ తిన్నంక తీరిగ్గ చదువుండ్రి.

పోయిన నెల మా రూంకు ఊరినుంచి ఫోన్ వచ్చింది. దుబాయ్ సోనాపూర్ క్యాంపుల 2009 నుంచి 2016 దాక మాతోటి ఉన్న మేస్త్రి కాక బిడ్డ. కాక పోయి మూడేండ్లయింది. "అన్నా, మా నాయిన గొంతు మీ దగ్గర ఏమన్న ఉన్నదా? నా కొడుక్కు వినిపియ్యాలె" అన్నది.

"మస్తున్నయి చెల్లె, పంపుతం" అన్నం. నోరుజారి అన్నం.

పాతోళ్లకు యాదికుంటది, కాక "శుక్రవారం ముచ్చట". అప్పట్ల శుక్రవారం సెలవు. పొద్దుగాల బట్టలు పిండుకున్నంక కాక నోకియా ఫోన్ల రికార్డు నొక్కి మాట్లాడేటోడు. ఈ వారం ఎవరు ఊరికి పోతున్నరు, సామాను ఎన్ని కిలోలు తీసుకపోగలరు, ఏ సైటుల జీతం ఆగింది, ఎవరి శవం ఇంకా కాయిదాలు కాక ఇక్కడనే ఉన్నది. ఆఖర్ల ఎవరితోనన్న ఒక పాట. దాన్ని బ్లూటూత్ మీద ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పంపేది. అల్‌ఖూజ్, జెబెల్ అలీ క్యాంపుల దాక పోయేది. మాకు పేపర్ అదే, రేడియో అదే, టీవీ అదే. కాక చదివింది నాలుగో తరగతి.

చెల్లె అడిగినంక ట్రంకు పెట్టెలు, సంచులు అన్నీ తిప్పేసినం. మేం ఆరుగురం కలిసి 11 మెమరీ కార్డులు తీసినం. రెండు అసలు లేవలె. కార్డును ఏండ్లకేండ్లు వాడకుండ పెడితే లోపలిది దానంతట అదే పోతదట, మాకు తెల్వదు. కొన్నిట్ల సినిమాలు తప్ప ఏం లేవు. ఇంకొకటి ఫార్మాట్ కొట్టి ఉన్నది.

ఆ కార్డు సంగతి చెప్పాలె. ఒక కంపెనీ రాత్రికి రాత్రి ఆఫీసు మూసి పోయినప్పుడు, కాక 14 మందిని ఒక్కొక్కరిని కూసోబెట్టి పేరు, ఊరు, ఎన్ని నెలల జీతం రావాలె, పలికించి రికార్డు చేసిండు. తర్వాత కొన్నాళ్లకు ఫిర్యాదు కాడ తారీకులు అడిగితే ఎవ్వరికీ సరిగ్గ గుర్తు లేవు. ఒకడు అయిదు నెలలన్నడు, వానికే మళ్ల నాలుగా అని అనుమానం. రికార్డు ఉన్న కార్డు అప్పటికే ఖాళీ. జాగ లేదని, ఒక సినిమా ఎక్కియ్యనీకి మేమే కొట్టేసినం. ఎవరు నొక్కినరన్నది ఇయ్యాల్టి దాక రూంల తేలలె. తేల్చేది కూడ లేదు, సినిమా అందరం చూసినం.

మిగిలిన కార్డులల్ల నాలుగు క్లిప్పులు దొరికినయి. పేర్లు ఏమున్నయనుకున్నరు? సౌండ్ క్లిప్, సౌండ్ క్లిప్ 1, సౌండ్ క్లిప్ 3. అవి ఏఎంఆర్ ఫైళ్లు, మా కొత్త ఫోన్లల్ల తెరుచుకోలె. వీఎల్‌సీ ఎక్కిస్తే పలికినయి. ఫోన్ బ్యాటరీ తీసి పెట్టినప్పుడల్ల తారీకు ఖరాబయ్యేది, అందుకే ఫైలు మీది తారీకు నమ్మనీకి లేదు. కాని ఒక దాంట్ల కాక "రేపటిసంది మధ్యాహ్నం పని బంద్, నీళ్లు మంచిగ తాగుండ్రి" అన్నడు. ఇక్కడ ఎండకాలం పని ఆపేది జూన్ 15 నుంచి. అంటే అది జూన్ 14, అదిన్నూ శుక్రవారం. క్యాలెండర్ తిప్పితే కాక ఉన్న ఏండ్లల్ల 2013 ఒక్కటే కుదిరింది. పిల్లరు తూకం చూసినంత సంబురమైంది.

మా రూంల జహీరాబాద్ దిక్కు తమ్ముడు ఒకడున్నడు. వాళ్ల కాడ మాచ్‌నూర్‌ల సంఘం రేడియో ఉన్నది, 2008 అక్టోబర్ 15న మొదలైంది. నడిపేది ఊరి ఆడోళ్లు, ఎక్కువ దళిత అక్కలే. లైసెన్సు రాకముందు ఏండ్ల తరబడి వాళ్లు విత్తనాల ముచ్చట్లు, పాటలు క్యాసెట్లల్ల పట్టి, సంఘం మీటింగులల్ల వినిపించేటోళ్లట. గాలిలకు పంపే హక్కు లేదని పట్టుడు ఆపలె. "మరి మనమేమో పట్టినయి కొట్టేసినం" అన్నడు వాడు. ఎవ్వరం మాట్లాడలె.

ఇప్పుడు మేం చేస్తున్నది చెప్తం. ఒక కాపీ రూం ల్యాప్‌టాప్‌ల, ఒకటి హార్డ్ డిస్కుల, ఇంకోటి ఊర్ల తమ్ముని కాడ. పాత ఫైలు పాతదాని లెక్కనే ఉంచి, పక్కన ఎంపీత్రీ చేసుకున్నం. పేరుల ఏడాది, నెల, ఎవరు మాట్లాడిండ్రు, ఏ క్యాంపు, అన్నీ పెడుతున్నం. వాట్సాప్‌ల పంపితే డాక్యుమెంటు లెక్క పంపుండ్రి, ఫైలు ఉన్నదున్నట్టు పోతది. అన్నీ అందరికి పంచేటివి కావు. అప్పులు, ఇంటి గొడవలు, పాస్‌పోర్టు సంగతులు చెప్పుకున్నోళ్లు ఉన్నరు. వాళ్లను అడిగినంకనే. ఈ దేశంల ఒప్పుకోకుండ గొంతు పట్టుడు నేరమన్నది కూడ మరవకుండ్రి.

చెల్లెకు నాలుగు క్లిప్పులు పంపినం, అన్నీ కలిపి 23 నిమిషాలు. రెండు దినాలు జవాబు లేదు. తర్వాత చిన్న మెసేజ్: "మాట్లాడేముందు దగ్గుతడు సూడన్నా, గదే మా నాయిన." మేం దగ్గును కత్తిరిద్దామనుకున్నం, గొంతు సాఫ్‌గ వినొస్తదని. మంచిగైంది, కత్తిరియ్యలె.

2009 నుంచి 2016 నడుమ సోనాపూర్, అల్‌ఖూజ్, జెబెల్ అలీ క్యాంపులల్ల ఉన్నోళ్లు, ఇప్పుడు ఊర్ల ఉన్నా సరే, పాత ఫోన్లు ఒకసారి తీసి చూడుండ్రి. ఆ 14 మంది క్లిప్పు ఎవరి ఫోన్లకన్న పోయే ఉంటది. సౌండ్ క్లిప్ అని కనబడితే తెరుచుకోలేదని కొట్టెయ్యకుండ్రి. ఇప్పుడు మాకు ఆదివారం సెలవు. రూంల కార్డ్ రీడర్ తెచ్చిపెట్టినం. చాయ్ మాది.